నాలుగో తారీకు చాయ

ఎనుకట మా వరంగల్‌ల
ఫలానా సేటు ఐపీ పెట్టిండంటే
షట్టర్ సగం దించి, నెత్తిన తువ్వాల కప్పుకొని
అర్ధరాత్రి కాజీపేటల రైలెక్కేటోడు.
మూడు తరాల దాక ఆ ఇంటిపేరుకు
ఉద్దెర పుట్టకపోయేది.

ఇప్పుడు ఐపీ అంటే మనిషి.
మెడల కార్డు, సంకల లాప్‌టాప్,
గొర్రెకుంట స్పిన్నింగ్ మిల్లు గేటుకు
నోటీసు అంటించి
"ఇయ్యాల్టి సంది మిల్లు నా చేతుల ఉంటది" అన్నడు.
మర్యాదస్తుడే. నన్ను అమ్మా అనే పిలిచిండు.

నేను ఓదమ్మను. మిల్లు క్యాంటీను నాది.
మూడు షిఫ్టులకు చాయ, రాత్రోళ్లకు ఉప్మా.
కనురెప్పల మీద దూది నూగుతోటి వచ్చేటోళ్లు,
గ్లాసు పట్టుకుంటే గ్లాసుకూ నూగే.
పద్దు రెండు లక్షల పద్నాలుగు వేల ఆరువందలు.
నోట్‌బుక్కు అట్ట మీద నూనె మరక,
లోపట పేజీ పేజీకి స్టోర్ మేనేజర్ సంతకం.

ఫారం చేతిల పెట్టి
"ఆపరేషనల్ క్రెడిటర్‌వి నువ్వు" అన్నడు.
ఆపరేషనంటే నాకు ఎంజీఎం దవాఖానే ఎరుక.
నవ్వి, ఓపికగ చెప్పిండు:
పైసలిచ్చినోళ్లకు కమిటీల కుర్చీ,
సరుకిచ్చినోళ్లకు రసీదు.

హన్మకొండ హోటల్ల ఏసీ గదిల కమిటీ కూసుంది.
వందల అరవై ఆరు వంతుల ఓట్లు పడితే చాలునట.
డెబ్బై ఎనిమిది శాతం హేర్‌కట్ అని తేల్చిన్రు.
ఆ మాట ఇని, గేటు కాడ మంగలి ఐలోని
కత్తెర ఆపిండు:
"నలభై ఏండ్ల సంది క్షవరం చేస్తున్న.
కుర్చీల ఒకలు కూసుంటె
బయట నిలబడ్డోళ్ల ఎంటికలు రాలుడు
ఎన్నడు చూడలే."

ప్లాన్‌ల నా పేరు ముప్పై నాలుగో పేజీల ఉంది.
పేరు పక్కన చిన్న గీత.
గీతంటే సున్నా అని చెప్పెటందుకు
ఆయనకే గొంతు రాలే.

ఢిల్లీల చట్టం మారుస్తున్నరట.
గడువులు కుదిస్తరట, కోర్టు గడప తొక్కకుంటనే
రాజీలు తెంపుకోవచ్చునట.
సవరణ, సవరణ అని పేపర్ల పెద్దక్షరాలు.
"గుండు గీకి సవరం పెడుతరా" అంటడు ఐలోని.
నేనట్లనను. మంచికే కావచ్చు.
రాసెటోళ్లు గీ ఒక్క లెక్క నాకు విప్పి చెప్తే చాలు.

నాలుగో తారీకు ఆర్డరొచ్చింది.
మూడో తారీకు రాత్రి షిఫ్టు నలభై రెండు చాయలు
పాత బాకీ. వరుసల ఆఖరు. గీత.
నాలుగో తారీకు పొద్దుమూకి
ఆయనకు, ఆయన వాచ్‌మెన్లకు ఆరు చాయలు
ప్రక్రియ ఖర్చు. బ్యాంకుల కంటె ముందు. నగదు.

అదే గిన్నె.
అదే చాయపత్త డబ్బా, మూడో తారీకు విప్పిందే.
వడగట్టే బట్ట గూడ మార్చలే.
ఆ ఒక్క రాత్రిల
నా చాయకు ఏమైంది సారూ?

అరవై రూపాయలు లెక్కవెట్టి ఇచ్చిండు.
తీసుకున్న.
బుక్కుల కొత్త పేజీ తిప్పి చెల్లు అని రాసిన.
రెండేండ్లయింది ఆ మాట రాయక,
ల కింద వత్తు మరిచిపోయి
మళ్ల దిద్దిన.