ఇరవయ్యారో ఏడు

సంఘం లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది.
భావనపాడు ఇసకలో నెత్తళ్లు ఆరబెట్టే మాకు
ఒక మంచె కావాలి.
నేల మీద ఆరిన చేప పంటికింద కరకరమంటోందని
పలాస షావుకారు కిలోకి పన్నెండు రూపాయలు కోస్తున్నాడు.

విజయనగరం నుంచి ఒకాయన బండేసుకొచ్చాడు.
ప్లాస్టిక్కూ రంపపు పొట్టూ కలిపి పోసిన పలకలు.
చెక్క మీదలాగే గీతలున్నాయి,
వాసన మాత్రం కొత్త బకెట్టుది.
"పాతికేళ్లు తిరిగి చూడక్కర్లేదమ్మా."
గనగళ్ల దండాసమ్మ వక్క పక్కకి నెట్టి అడిగింది:
"ఇరవయ్యారో ఏడు ఎవులొచ్చి అట్టుకెల్తారు బావూ?"
ఆయన కాగితాలన్నీ తిరగేశాడు.
ఆ పేజీ అచ్చువేయలేదు.

రాత్రి కూర్చుని గడులు గీశాను.
టేకు. పలక కంటే ముందు అప్పు ఇల్లు చేరుతుంది.
సరుగుడు చవకే, ఉప్పుగాలికి మూడేళ్లు.
కానీ తిత్లీ రాత్రి మా కప్పులకి అడ్డంగా నిలబడి
విరిగింది ఆ తోపే కదా.
దాన్ని నరికితే ఖర్చు ఏ గడిలో రాయను?

మొన్నటి గాలికి కూలిన పోతుతాళ్లు తొమ్మిది
గట్టున పడి ఉన్నాయి. చెట్టు ఊరికే వస్తుంది,
చేవ ఊరికే లొంగదు.
"రంపం పళ్లూడిపోతాయి, కూలి రెట్టింపు" అన్నాడు
వడ్రంగి లక్కోజు అప్పలాచారి, మొద్దుని గోటితో మీటి.
ఏటేటా సొరనూనె పూత, పదిమంది ఆడవాళ్లకి ఒక రోజు.
ఆ రోజుకీ కూలి కట్టాను.
మా చేతులకి ధర పడడం ఆ పుస్తకంలో అదే మొదలు.

పాతికేళ్లకి కూడితే
తాటికీ ప్లాస్టిక్కుకీ తేడా
ఒక పాత వల ఖరీదు.
పెన్ను అక్కడ ఆగిపోయింది.

"సేప కడుపు సీరితే నీలం పోగులొస్తన్నాయి.
మన మంచి కూడా అందులోకే ఎల్లాలేటి?"
అంది దండాసమ్మ.
ఆ పోగులు మా వలలవే. ఎవరూ ఆ మాట అనలేదు.

తాటిమంచె వేశాం.
రెండో ఏడే రెండు పలకలు మెత్తబడ్డాయి,
అప్పలాచారిని తిట్టుకుంటూ మార్చాం.
పాతవి పొయ్యిలోకి, బూడిద అంట్లకి.

ఆయన వదిలెళ్లిన నమూనా పలక మాత్రం
ఎండకి కాస్త వంగి, ఇంకా ఉంది.
పారెయ్యడానికి చోటు దొరక్క
లెక్కల పుస్తకం దాని మీదే పెడుతున్నాను.