కాజాలు

గీత ఆయనది.
మూడు గీతల్లో కుక్క, రెండు గీతల్లో వంతెన,
గీయకుండా వదిలేసినదంతా మంచు.
వేలు తగిలితే ఆ కుక్క తోక ఊపుతుందే,
ఆ ఊపు మాది.

మాది అంటే, నలుగురం.
లోవెల్‌లో, ఒకప్పటి బట్టలమిల్లు మూడో అంతస్తులో నేను;
ఇప్పటికీ నేలచెక్కల సందుల్లో దూదిపీచు దొరుకుతుంది.
కాలవకి అవతల రత్తనా కియో,
లక్షమంది ఒక్కసారే తలుపు తోసినా
గడప ఊడిరాకుండా చూసే మనిషి.
డెస్మండ్ క్వాయే ఏ ఊళ్లో ఉంటాడో సరిగ్గా తెలీదు,
ఫోన్లో ఎప్పుడూ వెనక ఓ పసిదాని రాగం.
హెస్టర్ పగలు పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది,
రాత్రి మా బొమ్మలో కిటికీలకి దీపాలు పెడుతుంది.

తెనాలిలో మా మేనత్త కాజాలు కుట్టేది.
చొక్కాకి పావలా.
కాలరు లోపల పట్టీ మీద టైలరు పేరు,
పెళ్లిలో మెప్పూ టైలరుకే.
"పోనీలేవే, బొత్తాం పట్టేది నా దగ్గరేగా" అనేది
పంటితో దారం తెంపుతూ.
బటన్ అన్న మాట రోజుకి వందసార్లు రాస్తున్నానిక్కడ,
రాసినప్పుడల్లా టప్పుమని ఆ దారం తెగిన చప్పుడు.

బొమ్మ విడుదలైన రాత్రి
పన్నెండు దాటిన తొమ్మిది నిమిషాలకి అంతా నల్లబడిపోయింది.
ఆయన దగ్గర్నుంచి మెసేజీ: "నేనేమైనా గీయనా?"
పాపం, ఆయనకి తెలిసిన సాయం అదే.
రత్తనా ఒక్క ముక్క పెట్టింది: "పడుకోండి."
ఎవరం పడుకోలేదు.
తెల్లారేసరికి వంతెన మీద మళ్లీ మంచు.

శనివారం బోస్టన్ రైల్లో, నా పక్క సీట్లో
పసుపు టోపీ పిల్లాడు.
వాళ్లమ్మ ఫోన్లో మా కుక్క.
విల్మింగ్టన్ దాకా ఎలాగో ఓర్చుకున్నాను.
ఆ తర్వాత నోరాగక, వంగి, రహస్యంగా,
"వంతెన కింద నొక్కు. ఇంకో కుక్కుంది."
వాడు నొక్కలేదు.
"ముందు దీని వెనక్కాలు చూడు.
మంచులో ఇరుక్కుంది. నొప్పెయ్యదా?"

పదకొండు వారాలు. మా ఎనిమిది కళ్లు.

ఆ రాత్రి కాలు పైకి లాగాను,
నాలుగు చుక్కలంత ఎత్తు, అంతే.
మార్పుల చిట్టాలో ఎవరు కనిపెట్టారో రాయాలి.
పేరడగడం మర్చిపోయాను.
"పసుపు టోపీ" అని రాశాను.
పొద్దున చూస్తే కింద డెస్మండ్ ప్రశ్న:
"వీడికి ఎంతిద్దాం?"

పావలా, అన్నాను.
ఎవరికీ అర్థం కాలేదు.