పీట

షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
జూలైల షట్టర్ సగం దించి పనిజేస్తం,
ఎండకు గాదు, ఇసుకకు.
పీట తొలిచేటప్పుడు ఒక్క రేణువు జొరబడితే
హెడ్డు మల్ల మొదటికొస్తది.

మత్తర్ తెచ్చి బెంచీ మీద పెట్టిండు
ఆరు సిలిండర్ల హెడ్డు,
తువ్వాలల చుట్టి, కోడిగుడ్ల తట్ట లెక్క.
టర్బో పెద్దది పెట్టిండట. వాల్వులు టైటానియంవట.
వచ్చే చలికాలం లివా దిబ్బ ఎక్కాలెనట,
పెడల్ మీదికెల్లి కాలు తియ్యకుంట.
"ముఅల్లిమ్, బెరీలియం పీటలు వెయ్యి.
పైసల మాట ఎత్తకు."

వానికి చెప్పిన,
అరబ్బీ సగం, హిందీ సగం, చేతులు సగం:
వాల్వు నిమిషానికి మూడున్నర వేలసార్లు
లేస్తది, కూసుంటది.
లేస్తే మంటల నిలబడుడే.
కూసున్న గింత సేపట్లనే
ఒంట్ల వేడంత పీటకు అప్పజెప్పాలె.
పీట హెడ్డుకు, హెడ్డు నీళ్లకు,
నీళ్లు రేడియేటర్‌కు, రేడియేటర్ గాలికి.
ఈ షార్జా గాలి ఎవ్వరికి అప్పజెప్తదో
దానికే తెల్వదు.

పోత ఇనుము మంచిదే, టాక్సీలకు.
పొడి ఒత్తి కాల్చిన పీట, కంపెనీ వేసింది,
రెండు లక్షల కిలోమీటర్లు ఓపిక పడతది,
కని వేడిని దిగమింగి కూసుంటది, ఎవ్వరికి చెప్పదు.
కోబాల్ట్‌ది గట్టి. మస్తు గట్టి.
టైటానియం మూతి కొరికి పారేస్తది.
రాగి కలిసింది కావాలె.
రాగిల వేడి ఆగది,
ఒకటో తారీఖు నా చేతిల జీతం ఆగనట్టు.

రాగిల బెరీలియం కలిస్తే ఇంకేం గావాలె,
నాకెర్కే.
రాజలింగుకు గూడ ఎర్కుండె.

ఇదే లేత్ మీద రెండేండ్లు కోసిండు
మూతికి దస్తీ కట్టుకొని.
లైటు కింద ఆ దుమ్ము మెరుస్తది,
సూడ బుద్ధయితది.
దగ్గు మొదలైతే ఏసీ అన్నరు. తర్వాత ఇసుక అన్నరు.
క్లినిక్‌ల డాక్టరు, బీడీలు బంద్ చెయ్యన్నడు.
ఇంటిల్లిపాది బీడీలు చుట్టి బతికినోల్లు గని
ఆయన జన్మల ఒకటి ముట్టియ్యలే.

ఇద్దరికి ఒక్కటే మంచం మాకు.
నేను వచ్చేయాల్లకు ఆయన నైటుకు లేస్తుండె,
పరుపు వెచ్చగ ఉంటుండె.
ఒకనాడు చెయ్యి పెడితే సల్లగున్నది.
టికెట్ కంపెనీయే ఇచ్చిందట.

"వద్దు" అన్న మత్తర్‌తోని.
"నికెల్, సిలికాన్ కలిసిన రాగి వేస్త.
వేడి జర తక్కువ గుంజుతది.
కూసునే అంచు రెండు వెంట్రుకలంత వెడల్పు కోస్త,
సరిపోతది."
"అజ్మాన్‌ల బెరీలియం వేస్తరు."
"వేస్తరు. పో."
హెడ్డు ఎత్తబోయిండు. ఒక్కనితోని లేవలే.
జరసేపు ఫోన్ సూసిండు. అటెన్క అడిగిండు,
"ఆ మనిషి పేరేంది?"
చెప్పిన.
రెండుసార్లు అన్నడు, నోరు తిరగలే.
తువ్వాల ఈడనే ఇడిసి పోయిండు.

రాత్రి హెడ్డు ఓవెన్ల పెట్టిన,
పీటలు నైట్రోజన్‌ల ముంచిన.
ఇది వేడికి ఇచ్చుకున్నది, అది సలికి ముడుసుకున్నది.
ఇడిస్తే సుత్తె పని లేదు,
టప్.
ఆ సప్పుడు ఇంటే తెలుస్తది పట్టిందో లేదో.
ఇరవై నాలుగు.
పన్నెండోది టప్ అనలే, టక్కుమన్నది.
తీసి పారేసి కొత్తది కోసిన.

మూడు కోణాలు తిప్పి, నీలి రంగు పూసి,
వాల్వు ఆనిచ్చి సూసిన. సుట్టు తెగకుంట అంటింది.
బెరీలియం గాకున్న మాస్క్ తియ్యలే.
పోర్టుల పెట్రోల్ పోసి కాపలా కూసున్న.
అజాన్ యాల్లకు ఒక్క సుక్క దిగలే.

రూముకు పోతే నా జాగల కొత్త పిలగాడు,
నైటు దిగి అప్పుడే పండినట్టుండు.
లేపబుద్ధి గాలే.
ఉల్లిగడ్డలు కోసేటి పీట గుంజుకున్న,
గోడకు ఆనుకొని కూసున్న
ఒంట్ల వేడి దిగేదాక.