ఇరవై నిమిషాల నీళ్ళు

షవర్ ఉంది.
ఆకుపచ్చ రంగేసి, పైన బొమ్మ గీసి,
తనిఖీకొచ్చిన సారు ఫొటో తీసుకుపోయిన షవర్.
గొలుసు లాగితే
మొదట తుప్పు రాలింది, తర్వాత ఒక బల్లి,
తర్వాత ఏమీ రాలేదు.

జానయ్య అప్పటికే గేటు దాటి ఉరుకుతున్నాడు.
ట్యాంకరు గొట్టం మూతి ఊడి
ఎడమ కన్ను నుంచి బొడ్డు దాకా యాసిడ్.
నోరు తెరిచే ఉంది, అరుపు రావట్లేదు.

గేటు ముందర ఈదమ్మ చాయ్ బండి,
పక్కన రెండు నీలం డ్రమ్ములు.
చిట్యాల దాటాక మా బోర్లు ఎర్రగా పోస్తాయి,
కంపెనీ వచ్చిన మూడో ఏడు నుంచి.
అంతకుముందు తెల్లగానే పోసేవి, పళ్ళకు గార పట్టించేవి.
కాబట్టి డ్రమ్ముల్లోవి కొన్న నీళ్ళు.
ఓసారి నేను చేతులు కడుక్కోబోతే
“గిలాసెడు చాలు సారూ” అన్న మనిషి.

పాల ప్యాకెట్ల కత్తెర తీసింది.
“అంగి కత్తిరియ్యి. తల మీదికెళ్ళి గుంజకు, మంచి కంట్ల గూడ పడ్తది.
మొలతాడు, వాచీ, బూట్లు, అన్నీ తియ్యి.
సిగ్గు తర్వాత పడుదువు గాని కొడుకా.”
బజ్జీలు కట్టిచ్చే కవర్లు చేతులకు తొడుక్కుని
అతని తల వంచింది,
చెడ్డ కన్ను కిందికి, మంచి కన్ను పైకి.
ముక్కు దగ్గర మొదలై చెవి వైపు జారే
సన్నటి ధార.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.
చేతిలో సోడా ఉప్పు ప్యాకెట్.
ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు:
పదో తరగతి నుంచీ నోటికొచ్చు.
“ఆయన ఒంటి మీద వంట జేస్తవా? ఇసిరికొట్టు.
నీళ్ళు పొయ్యి.”
పోశాను.

ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో కొబ్బరినూనె.
కోళ్ళను తోలినట్టు తోలింది.

ఏడో నిమిషం. సూపర్‌వైజర్ అన్నాడు, ఆటో వచ్చింది, చాలు.
“ఆటోను ఉండమను.”
పదకొండో నిమిషానికి చెంబు
మొదటి డ్రమ్ము అడుగును గీరింది.
రెండో డ్రమ్ము రేపటి చాయ్, ఎల్లుండి చాయ్.
ఒక్కసారి దానివైపు చూసింది, నేను చూశాను.
మూత ఊడబీకింది.

పోస్తూనే చెప్పింది, నాకో, చెంబుకో:
“మా తమ్ముడు పత్తికి మందు కొడుతుండె.
డబ్బా కారి దినమంతా వీపు తడిసింది.
అదే అంగితోని వచ్చి పన్నడు.
మజ్జిగ తాపినం, దిష్టి తీసినం.
నల్లగొండ పెద్ద దవాఖానల నర్సమ్మ రెండే అడిగింది,
ఎప్పుడు కడిగిన్రు, మందు సీసా తెచ్చిన్రా అని.
రెండిటికీ తలకాయ దించుకున్నం.”

ఇరవై.
“ట్యాంకర్ల ఏమున్నదో పేరు రాసియ్యి సారూ.”
నా చదువు అక్కరకొచ్చింది ఆ ఒక్క చీటీకి.
డ్రైవర్ జేబులో పెట్టాను, పెన్నుతో సహా.

జానయ్య ఎడమ కన్ను ఇప్పుడు వెలుతురును పోల్చుకుంటుంది.
బస్సు మీది ఊరి పేరు చదవదు.
డాక్టర్ అన్నాడట, ఇంకాస్త ఆలస్యమైతే ఇదీ లేదని.
రెండు రోజులు ఈదమ్మ పొయ్యి వెలగలేదు.
కంపెనీ షవరుకు కొత్త గొలుసు వేసింది.
రోజూ పొద్దున లాగి చూస్తాను.
బల్లి తిరిగొచ్చింది.

ఈదమ్మ మూడో డ్రమ్ము కొన్నది.
మూత మీద ఇటుక పెట్టింది.
నిన్న బజ్జీ తిని అటు నడవబోయాను.
“దాంట్ల చెయ్యి పెట్టకు సారూ.”