గూడు లేని ఇంజను

ఫాదర్ చెలెస్తీనో లోకో షెడ్డుకొచ్చింది
మమ్మల్ని మతంలో కలుపుకోడానికి కాదు,
సైకిలు పెడలు విరిగి.

రోహిణి కార్తె. బెజవాడ.
పట్టా మీద చెయ్యి పెడితే
వేలిముద్ర అక్కడే ఉండిపోయే ఎండ.
ఫిట్టరు మస్తాను పెడలు అతుకుతుంటే
బూడిద గుంట పక్కన నిలబడి
ఇంజన్లను లెక్కపెట్టాడాయన,
పిల్లాడు మేకల్ని లెక్కపెట్టినట్టు
ఒకదాన్నే రెండుసార్లు.

"మా తాతకు తండ్రి
నీలాగే బొగ్గు వేసేవాడోయ్" అన్నాడు నాతో.
మనిషిది ఇటలీ. తెలుగు గుణదలది.
వాళ్ళ మాటలు కూడా
మన మాటల్లాగే నోరు తెరుచుకునే ఆగుతాయి,
స్టేషన్లో ఆవిరి వదిలినట్టు.

సుద్దముక్క అడిగి తీసుకుని
టెండరు ఇనుము మీద గీశాడు:
పీపా లాంటి పొట్ట,
చుట్టూ చెక్క బద్దలు,
తాటిమొద్దు నిలబెట్టినట్టు పొగగొట్టం,
ఆరు చక్రాలు, అందులో నడిమి జత
ఇంటిపెద్దల్లా ఎత్తుగా.
వాళ్ళ దేశంలో మొదటి రైలుదట.
నేపుల్సులో బయల్దేరి
సముద్రం ఒడ్డమ్మట పోర్టిచి దాకా.
ఎంత దూరమయ్యా అంటే
మన షెడ్డు నుంచి కృష్ణ దాటి
రెండు బీడీలు కాల్చినంత.
అదీ ఇంగ్లీషోళ్ళ ఓడలో దిగిందే,
మన తొలి ఇంజన్లలాగే.
ఆ ఊరి నెత్తిన పొగ కక్కే కొండొకటుందట.
కొండ ఈనిందనీ
దూడ పరిగెత్తుకొస్తోందనీ
చేపల బుట్టలు దించి మరీ చూశారట ఆడాళ్ళు.

"మనుషులు నిలబడేదెక్కడ?"
పీపా వెనక ఒక్క గీత గీశాడు.
"కప్పు?"
"లేదు."
"పక్క గోడ?"
"లేదు."
"వానొస్తే?"
"తడుస్తారు."
మస్తాను పగలబడి నవ్వాడు.
నాకు మాత్రం వీపు మీద
ఎప్పటిదో నిప్పురవ్వ మచ్చ చురుక్కుమంది.
ముందు పొయ్యి, వెనక ఆకాశం.
ఒకే మనిషి
సగం మాడి, సగం వణికి
సాయంత్రానికి ఏ సగంతో ఇంటికి పోయేవాడో.

మృగశిర తొలి చినుకు పడ్డ రాత్రి
గుంటూరు గూడ్సులో ఎక్కించుకున్నాం ఆయన్ని.
రూలు ఒప్పుకోదు.
డ్రైవరు గోవిందస్వామి ఒప్పుకున్నాడు,
దేవుడి మాటెత్తకూడదన్న షరతు మీద.

వంతెన మీదికి రాగానే
ఫాదర్ మా గూడు దాటి
మెట్టు మీద నిలబడ్డాడు, కడ్డీ పట్టుకుని.
తెల్లంగీ తెరచాపలా ఉబ్బింది.
కింద ఇసకో నీళ్ళో తెలియని చీకటి.
కళ్ళజోడు నిండా వాన,
గడ్డంలో మినుకుమనే రవ్వలు.
లోపలికి రమ్మని అరిచాను. రాలేదు.
నేను పారకు పార వేస్తుంటే
"పియానో... పియానో..." అంటున్నాడు.
మంత్రమనుకున్నా.
దేవుడి మాటెత్తాడని
గోవిందస్వామి కళ్ళెర్రజేశాడు.

గుంటూరులో టీ చల్లార్చుకుంటూ చెప్పాడు,
మెల్లగా అని అర్థమట.
ముత్తాత ఇంజనుకు చెప్పుకున్న మాట.
ఆయన తాలూకు ఇంట్లో మిగిలింది
అదొక్కటే.

అతికిన పెడలు వారానికే ఊడింది.
టెండరు మీద సుద్ద బొమ్మను మాత్రం
ఆ నవ్విన మస్తానే, ఎవరూ చూడకుండా
ఉలితో గీసి పెట్టాడు.
డీజిళ్ళొచ్చి, మా ఇంజన్లను
కిలోల లెక్కన వేలమేసిన రోజున
పాట పాడేవాడు దాని మీద చెయ్యి తిప్పి
"తుప్పు గీతలు" అని రాసుకున్నాడు.

సత్యనారాయణపురంలో ఇప్పుడు
పట్టాలు లేపి రోడ్డు వేశారు.
చినుకు మొదలైతే జనం
బస్సు షెల్టర్లలోకి ఉరుకుతారు.
"తాతా, తడుస్తున్నావ్" అని
ఎవరో ఒకరు కేకేస్తారు.
పియానో, అంటాను.
చెవిటివాణ్ణనుకుని వాళ్ళే గొంతు పెంచుతారు.

పట్టాలుండిన చోట
కాసేపు నిలబడతాను.
ముందు మంట లేదు.
వీపు తడుస్తుంది.