రెండు సెకన్ల కునుకు

పెయిప్సి సరస్సు గడ్డకట్టిన జనవరిలో
నా చెక్క గుడిసెలో నాతోపాటు ఇంకొకటి నిద్రపోయేది.
ఒరగడం, లేవడం. ఒరగడం, లేవడం.
గిన్నె అంచుని గోటితో మీటినట్టు
పది సెకన్లకోసారి
టిక్.

పాత లాప్‌టాప్. తార్తులో బడివాళ్ళు పారేస్తుంటే
ఉల్లిపాయల జడ ఒకటి ఇచ్చి తెచ్చుకున్నాను.
మంచు కింద వేలాడదీసిన మైకు
సరస్సు మూలుగంతా దాని చెవిలో పోస్తుంది,
అది రాసిపెడుతుంది.
పగులు ఎటు పాకుతోందో చూసి నేను సరేనంటేనే
వేకువన వలలవాళ్ళు
లావు టైర్ల బండ్లు మంచు మీదికి దించుతారు.

మొదట ఆ చప్పుడు మంచుదే అనుకున్నాను.
ఫెక్లా నవ్వింది.
"మంచుకి గడియారం చూడ్డం రాదు, జినోవీ."

లైనక్సులో ఒక్క ముక్క అడిగితే చాలు,
డిస్కు తన జాతకం తానే విప్పుతుంది.
తిరిగిన గంటలు తొమ్మిది వేలు.
ముల్లు ఎత్తి పక్కన పెట్టుకున్నది
ఐదు లక్షల డెబ్బై ఒక్క వేల సార్లు.
చేసినవాళ్ళు రాసిన ఆయుష్షు ఆరు లక్షలు.
వేళ్ళ మీద లెక్కేశాను:
ఈ వరసన మూడు రోజుల చిల్లర.

నేను పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి.
తిరిగే ఇంజను అంతగా అరగదు,
తాడు లాగిన ప్రతిసారీ అరుగుతుంది.
దీని కథా అదే.
ఎనిమిది సెకన్లు పని లేకపోతే ముల్లు వాల్చేస్తుంది,
పదో సెకనుకి లెక్కలు రాసేవాడొచ్చి తలుపు కొడతాడు.
రెండు సెకన్ల కునుకు!
దానికోసం ఇంత లేవడం, ఇంత పడుకోవడం.
ఒకడు కరెంటు మిగలాలంటాడు,
ఒకడు మాట పోకూడదంటాడు,
ఎవరిదీ తప్పు కాదు.
మధ్యలో అరిగేది ముల్లు.

రెండు వందల యాభై నాలుగు అని అంకె ఇస్తే
అది తల వాల్చదు.
కానీ బ్యాటరీ తెల్లారేదాకా రాదు.
లేదా, రాయాల్సిందంతా పోగుచేసి
పది నిమిషాలకోసారి ఒక్క దఫా రాయించవచ్చు.
అప్పటిదాకా మాటలన్నీ నోట్లోనే ఉంటాయి,
డిస్కు కాళ్ళు చాపుకుని పడుకుంటుంది.

పిసినారిని. రెండోదే పెట్టాను.
ఆ రాత్రి గుడిసెలో ఎంత నిశ్శబ్దమంటే
పొయ్యిలో బూడిద జారడం వినబడింది.
తెలివైన పని చేశాననుకుని
ఎండబెట్టిన చేప కొరుక్కుంటూ కూచున్నాను.

మార్చి పద్నాలుగు.
చలికి బ్యాటరీ చెప్పాపెట్టకుండా చచ్చింది.
వేరేది తగిలించి చూశాను.
నాలుగూ ఇరవై దాకా రాత ఉంది, అందులో పగులు లేదు.
"పోవచ్చు" అన్నాను.
ఆ పైన తొమ్మిది నిమిషాలు ఎక్కడా లేవు.
చెప్పబోయి ఎవరో నోరు మూసుకున్నట్టు.

పగులు ఆ తొమ్మిది నిమిషాల్లోనే నడిచింది.
లావ్రెంతీ బండి మునిగింది. లావ్రెంతీ మునగలేదు.
బూట్లు పోయాయి, నలభై కిలోల చేప పోయింది,
నన్ను తిట్టడానికి గొంతు మిగిలింది.
నేను ఎదురు చెప్పలేదు.
ఆ లేని నిమిషాలను తెర మీద
కిందికీ పైకీ జరుపుతూ వెతికాను,
దొరుకుతాయన్నట్టు.

ఇప్పుడు స్లెడ్జి మీద మరో బ్యాటరీ,
గొర్రెతోలులో పసిపిల్లలా చుట్టి లాక్కెళతాను.
రెండు వందల యాభై నాలుగు.
ఒకసారి చెబితే చాలదు దానికి,
మూత వేసి తీస్తే మరిచిపోతుంది, మళ్ళీ పాత అలవాటే.
అందుకని నిద్ర లేచిన ప్రతిసారీ
ఆ అంకె గుర్తుచేసే చీటీ ఒకటి లోపల దాచాను.
"నీకూ ఒకటి రాసుకో" అంది ఫెక్లా, నవ్వకుండా.

లెక్క ఐదు లక్షల డెబ్బై రెండు వేల నలభై దగ్గర ఆగింది.
ఆగిందో లేదో రోజూ చూస్తున్నాను.
అరచేయి పెడితే లాప్‌టాప్ ఎడమ మూల వెచ్చగా ఉంటుంది,
మెలకువగా ఉన్న ఒంటిలా.
లావ్రెంతీకి బూట్లు ఇంకా బాకీ.