ఉప

మిర్చియార్డు రెండో గేటు పక్క గోడ
నాకు పద్నాలుగేళ్ళుగా తెలుసు.
ఎక్కడ ఉబ్బిందో, ఏ వానకి
ఏ మూల సున్నం వదిలేస్తుందో,
గుంటూరులో దాని ఒంటి సంగతి
నా తర్వాతే ఎవరికైనా.

ఆ ఏడు హమాలీల సంఘం ఎన్నికలకి
అధ్యక్షుడిగా కొల్లిపర పానకాలు.
జానెడున్నర అక్షరాలు, ఎరుపు, పసుపు అంచు.
కింద ఉపాధ్యక్షుడిగా షేక్ మీరావలి.
బెత్తెడు. నీలం. అంచు లేదు.
రేటూ సగమే.
రెండో పేరు ఎవడూ చదవడు,
గోడ బోసిపోకుండా రాయిస్తారంతే
అనుకునేవాణ్ణి.

ఓడారు.
పానకాలుకి రెండొందల పన్నెండు తక్కువ.
మీరావలికి ఎన్నొచ్చాయో
లెక్కపెట్టినవాళ్ళకే గుర్తులేదు.
"పానకాలు పోయాడు" అంది యార్డంతా.
ఓటమిలో కూడా
ఈయన పేరు పైకి రాలేదు.

మర్నాటి నుంచి పానకాలు
మూడో గేటున రాకపోకలు పెట్టుకున్నాడు.
మీరావలి మాత్రం ప్రతి శనివారం
బట్వాడా అయ్యాక, భుజాన కొక్కెంతో వచ్చి
ఇరవై రూపాయలు నా డబ్బా మీద పెట్టేవాడు.
ఘాటుకి నేను తుమ్మేవాణ్ణి. ఆయన తుమ్మడు.
చిన్నక్షరాల బాకీ తీరిన వారం
"ఇంక పెద్దవాటిది" అని
మళ్ళీ ఇరవైతో మొదలెట్టాడు.

ఇప్పుడు మొదటి పేరు ఆయనదే.

టీకొట్టు కాడ ఏసుపాదం అడ్డం తిరిగాడు:
"రెండోవాడిగానే గెలవనోడు
మొదటోడిగా గెలుస్తాడా?
చెల్లని బిళ్ళ బోర్లించి ఇస్తే చెల్లుద్దా?"
కాటా గుమాస్తా శరభయ్య పేపరు మడిచాడు.
"అమెరికాలో ఒకాయన ఉన్నాడు.
రెండో పేరుగా ఓడాడు.
మరుసటేడు జబ్బుచేసి కాళ్ళు పడిపోయినయ్.
పన్నెండేళ్ళకి మొదటి పేరై
వరసన నాలుగుసార్లు నెగ్గాడు."

కాసేపు పొయ్యి ఒక్కటే మాట్లాడింది.

"కాళ్ళు పడిపోతే మనకి
సంఘం కార్డే ఉండదు గదయ్యా"
అన్నాడు ఏసుపాదం,
గ్లాసు కడిగిన నీళ్ళు పారబోస్తూ.

గోడ దగ్గరికి వెళ్తే
మొన్నటి వానలకి పైపూతలు రాలి
పాత నీలం బయటపడి ఉంది.
"సున్నం ఖర్చెందుకు?
ఉప చెరిపెయ్, సరిపోద్ది" అన్నాడు మీరావలి.

రుద్దాను.
ధ్యక్షుడు మిగిలాడు.
ధ్యక్షుడు! ఎక్కిళ్ళ మధ్య మాటలాగ.
సంధుల పాఠం రోజున బడి ఎగ్గొట్టినవాణ్ణి,
నిచ్చెన మీద నిలబడి అప్పుడు నేర్చుకున్నాను.
రెండు మాటలూ కలిసిన చోట
అ ని ప మింగేసింది,
మింగి, ఏమీ ఎరగనట్టు
దీర్ఘం తీస్తూ కూర్చుంది.
ఉప తీసేసినంత మాత్రాన
అధ్యక్షుడు మిగలడు.
పోయిన అక్షరం ఎవడో ఒకడు
కొత్తగా రాసుకోవాలి.

రాశాను.
ఎండ తిని తిని వెలిసిన నీలం పక్కన
అ ఒక్కటే మెరిసిపోతూ,
ఇవాళే పనిలోకి వచ్చిన కుర్రాడిలాగ బెరుగ్గా.
దాని వెనక ఉప మరక
ఎంత రుద్దినా పోలేదు.

"బెత్తెడు అక్షరాలు మీరావలీ,
అధ్యక్షుడికి ఆనవు. రోడ్డు మీంచి కనపడవు."

నిచ్చెన వదలకుండానే అన్నాడు:
"దగ్గరకొచ్చి చదువుకుంటార్లే."

బస్తా దించిన కుర్రాడొకడు వచ్చాడు.
పెదాలు కదుపుతూ, అక్షరం అక్షరం తడుముకుంటూ
అ మీద వేలు పెట్టాడు.
ఇంకా ఆరలేదు.
నీలం అంటిన వేలు
లుంగీకి తుడుచుకోకుండా
అట్టాగే చూసుకుంటూ పోయాడు.

ఓట్లు ఆదివారం.